మాట్లాడాలా, వినాలా?



ఆదోని, ఎమ్మిగనూరు బస్తీల్లో తల్లుల సమావేశాలు నడిపే మన వలంటీర్లు నన్నడుగుతుంటారు: "సార్, చర్చలో మేమూ మాట్లాడవచ్చా?"

ముందు నా తప్పు చెబుతాను. ఒక సమావేశంలో మొదట నేనే లేచి, ఆడపిల్లల్ని బడి మాన్పించవద్దని అరగంట చెప్పాను. అందరూ తలలూపారు. ఆ నెలలోనే ఇద్దరు తల్లులు కూతుళ్లను వెంటబెట్టుకుని సుగ్గికి వెళ్లిపోయారు. తర్వాతి సమావేశంలో ఊరికే కూర్చున్నాను. అప్పుడొక తల్లి అంది: "ఈడొచ్చిన పిల్లను ఎవరికాడ ఇడిసిపెట్టి పోవల్ల సార్?" చదువు విలువ తెలియక కాదు, పిల్లను ఉంచే చోటు లేక. ఆ మాట విన్నాకే హాస్టల్ సీట్ల కోసం తిరిగాం.

అలాగని ఎప్పుడూ మౌనం పనికిరాదు. సుగ్గి నుంచి మధ్యలో వస్తే బడిలో చేర్చుకోరని ఒకరంటే వెంటనే సరిదిద్దాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఏడాది మధ్యలోనైనా ప్రవేశం నిరాకరించకూడదు.

ఉహుద్ యుద్ధానికి ముందు ప్రవక్త (స) మదీనాలోనే ఉందామన్న తన అభిప్రాయాన్ని దాచుకోలేదు. బయటికెళ్లి ఎదుర్కొందామని ఎక్కువమంది కోరితే వారి మాట మన్నించారు. మన సమావేశాల్లో మనల్ని కాదనే ధైర్యం ఆ తల్లులకు ఉందా? అది వచ్చేదాకా తెలిసిన విషయం వెంటనే చెబుదాం, మన అభిప్రాయం చివర చెబుదాం.