కుర్చీ మీద పేరు మనదైతే చాలదు, కూర్చునేదీ మనమే కావాలి
(దళిత మహిళల రాజకీయ శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి మానుకుని, పిల్లల్ని పక్కింట్లో దిగబెట్టి వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక రోజు కూలి పోతే ఆ పూట పొయ్యి సంగతేమిటో మాకు తెలుసు. అందుకని ఊసుపోని కబుర్లు చెప్పం. మన ఆడవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో ఎలా నిలబడాలి, గెలిచాక ఆ కుర్చీని ఎలా నిలుపుకోవాలి అన్నవే మాట్లాడుకుందాం.

ఈ హక్కు ఎవరి దయా కాదు. 1942 జులై 20న నాగపూర్‌లో అణగారిన కులాల ఆడవాళ్లు వేలాదిగా మహాసభ జరుపుకున్నారు. అంబేద్కర్ ఆ సభలో మాట్లాడారు. ప్రాతినిధ్య సభల్లో మా ఆడవాళ్లకు సీట్లు కావాలని ఆనాడే తీర్మానం చేశారు. అయిదు దశాబ్దాలు గడిచాక 73వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకొచ్చింది. మన రాష్ట్రంలో 1994లో పంచాయతీరాజ్ చట్టం చేశారు, 1995లో ఎన్నికలు పెట్టారు. ఆడవాళ్లకు మూడో వంతు, ఎస్సీ సీట్లలోనూ ఆడవాళ్లకు మూడో వంతు. 2011లో అది సగమైంది.

ఇక్కడో లెక్క చూడండి. మన రెండు జిల్లాల్లో ఎస్సీలు జనాభాలో సుమారు పదో వంతు. అంటే నూరు సర్పంచి పదవుల్లో మన వంతు పది, అందులో మన ఆడవాళ్ల వంతు అయిదు. ఈ అయిదింటి కోసం మాల, మాదిగ, పైడి, రెల్లి కులాలు తమలో తాము కొట్టుకుంటే తొంభై సీట్ల వైపు చూసేవాడుండడు. జనరల్ మహిళ అని రాసిన సీటుకు దళిత ఆడది పోటీ చెయ్యకూడదని ఏ చట్టంలోనూ లేదు. పెద్దకులాల ఇళ్ల అరుగుల మీద మాత్రమే ఉంది.

మన సీటు మన చేతికి రాకుండా ఎలా పోతోంది? ఒకటి, రిజర్వేషన్ పడగానే ఊరి పెద్ద తన పొలంలో పనిచేసే పాలేరు పెళ్లాం చేత నామినేషన్ వేయిస్తాడు. "నీకేటి తెలుసే, సెప్పినకాడ సంతకమెట్టు" అంటాడు. రెండు, ఏకగ్రీవం. 2021 ఎన్నికల్లో పోటీ లేకుండా ఎన్నుకుంటే రెండు వేల లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, పది వేలు దాటిన ఊరికి 20 లక్షలు ఇస్తామని ప్రభుత్వమే చెప్పింది. ఊరంతా ఒక్క మాట మీదుందంటే, చాలాచోట్ల వాడ మాట వినబడలేదని అర్థం. మూడోది మన ఇంట్లోనే ఉంది. గెలిచింది పెళ్లామైతే దండలు మొగుడికి. మీటింగుకి అతనెళ్తాడు, ఆవిడ పశువుల కాడ ఉంటుంది. పెద్దకులపోడి పెత్తనం తప్పనే మన మగవాళ్లు, ఇంట్లో తమ పెత్తనాన్ని కూడా తప్పనాలి కదా!

బెదిరిస్తే ఏం చెయ్యాలని అడుగుతున్నారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. మనల్ని నామినేషన్ వెయ్యనివ్వకపోయినా, వేసింది వెనక్కి తీసుకొమ్మని బెదిరించినా, మన పేరు ప్రతిపాదించేవాళ్లని ఆపినా నేరమే. గెలిచిన సర్పంచినో, వార్డు మెంబర్నో పని చెయ్యనివ్వకపోయినా నేరమే. ఈ ముక్క మీ వాడలో అందరికీ కంఠతా రావాలి. చట్టం ఒక్కటే కాపాడదనీ గుర్తుంచుకోండి. తమిళనాడులో మేలవలవు పంచాయతీ అధ్యక్షుడైన దళితుడు మురుగేశన్‌ను 1997 జూన్ 30న చంపేశారు. మన గడ్డ మీదే, వంగర మండలం లక్ష్మీపేటలో 2012 జూన్ 12న మడ్డువలస ముంపు భూముల తగాదాలో అయిదుగురు దళితుల్ని చంపారు. అందుకే అభ్యర్థి ఒక్కర్తీ వెళ్లకూడదు. నామినేషన్ రోజు వాడంతా వెంట నడవాలి.

మన జిల్లా బిడ్డ కావలి ప్రతిభా భారతి ఎచ్చెర్ల నుంచి 1983 మొదలు 1999 దాకా అయిదుసార్లు గెలిచారు. 1999లో రాష్ట్ర శాసనసభకు మొదటి మహిళా స్పీకరయ్యారు. ఆమె తండ్రి హైకోర్టు జడ్జీగా చేసినవారు, ఇంట్లో చదువుంది. ఆ చదువు లేని ఇంటి పిల్లకి వాడే బడి కావాలి. రాజాం 2009 నుంచి ఎస్సీ సీటు. 2024 దాకా నాలుగు ఎన్నికల్లోనూ అక్కడ మగవాళ్లే గెలిచారు. కింద పంచాయతీలో వందమంది తయారైతేనే పైన పదిమంది నిలుస్తారు.

అందుకని నేర్చుకోవలసిన పనులు చెబుతున్నాం. 21 ఏళ్లు నిండాలి, ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరుండాలి, కులం సర్టిఫికెట్ ముందే తీసుకోవాలి. మనకి డిపాజిట్ సగమే. ఇద్దరికి మించి పిల్లలుంటే అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ రద్దు చేసింది. ఎందరిని కనాలో తేల్చింది అత్త, మొగుడు. పదవి పోయింది ఆడదానికి. ఆ అడ్డు తొలగింది. గెలిచాక తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ మీద సంతకం పెట్టొద్దు. చదువు రాకపోతే చదివించుకుని, రెండోసారి ఇంకొకరి చేత చదివించుకుని అప్పుడు పెట్టండి. బిల్లు ఎంత, పని ఎక్కడ, చూశాకే చెక్కు. గ్రామసభ మన వాడలో పెట్టించండి. కుళాయి, వీధిదీపం, కాటిదారి, ఇళ్ల జాబితా అక్కడే అడగాలి.

ఈ తరగతి అయ్యాక ప్రతి వాడ నుంచి ఇద్దరు ఆడవాళ్ల పేర్లు ఇప్పుడే రాసుకుందాం. ఒకరు నిలబడడానికి, ఒకరు వెంట నిలవడానికి. రెల్లి, పైడి వాడల పేర్లు ముందు రాద్దాం, ఇన్నాళ్లూ వాళ్లనే వెనక్కి నెట్టారు గనక. ఊళ్లో "నువ్వు సర్పంచివవుతావేటే?" అని నవ్వుతారు. "అవుతాను, నీ ఇంటి ముందు దీపం కూడా నా సంతకంతోనే వెలుగుద్ది" అని చెప్పండి.

జై భీమ్!