సరళవృక్షముల నీడలో ఒక పగలు

పర్వతప్రయాణమనగానే మనలో చాలమందికి మంచుగొడ్డళ్ళు, త్రాళ్ళు, ప్రాణవాయువు నింపిన సీసాలు స్ఫురించును. హిమాలయమును చూచుటకు అంత సాహసము అక్కరలేదు. గట్టి జోళ్ళు, ఒక చేతికఱ్ఱ, మంచినీళ్ళు, మధ్యాహ్నమునకు నాలుగు రొట్టెలు ఉన్నచో చాలును. పెద్దలును పిల్లలును ఒక్క పగటిలో పోయి రాదగిన దారులు ఆ కొండలలో అనేకములు కలవు. ఉత్తరాఖండ్‌లోని కుమావూన్ ప్రాంతమున, అల్మోడా పట్టణమునుండి కసార్‌దేవి కొండకు పోవు దారి అట్టివానిలో ఒకటి.

కాఠ్‌గోదాముతో రైలుపట్టాలు ముగియును. అచ్చటినుండి వంపుల దారిని మోటారులో పోయి అల్మోడా చేరవలెను. సముద్రమట్టమునకు సుమారు 1,640 మీటర్ల ఎత్తున, గుఱ్ఱపు జీను ఆకారముగల గట్టుమీద ఈ పట్టణము వెలసినది. కసార్‌దేవి ఎత్తు రమారమి 2,100 మీటర్లు. దూరము దాదాపు 8 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు ఇంత దూరముమీద పరచుకొని యుండుటచే ఆయాసము తెలియదు. అలిపిరి మెట్లెక్కి తిరుమల చేరినవారికి ఇది లెక్కలోనిది కాదు. మోటారు దారియు ఉన్నది గనుక నడచిపోయి, అలసినచో బండిలో తిరిగి రావచ్చును.

పట్టణపు సందడి వెనుకబడిన పిమ్మట చీడ్ చెట్లు ఎదురగును. ఈ హిందీ పేరు మన చెవికి పంటలనంటు చీడవలె వినిపించునుగాని, సంస్కృతమున దీనికి సరళమని చక్కని పేరు. పేరునకు తగినట్లే మ్రాను నిలువున ఎదుగును. దేవదారు వేఱు, ఇది వేఱు. దేవదారు ఆకులు పొట్టిసూదులు. సరళపు ఆకులు జానెడుకు మించిన సూదులు, మూడేసి కలిసి ఒకే మొదటినుండి పుట్టును. బెరడు దళసరిగా, పలకలు పలకలుగా పగిలియుండును. ఈ సూదులగుండ గాలి వీచునపుడు వినవచ్చునది ఆకుల గలగల కాదు. దూరమున ఏరు పారుచున్న హోరు. క్రొత్తవారు నీళ్ళెక్కడనో యని చుట్టును చూతురు.

కొన్ని మ్రానులమీద గాట్లును, వానిక్రింద చిన్న గిన్నెలును కనబడును. ఈత చెట్టును గీచి కల్లుకుండ కట్టుట ఎరిగిన మనకు ఇది వింత కాదు. గాటునుండి ఊరు జిగురును బట్టీపెట్టినచో టర్పెంటైను తైలమును, వయొలిను కమానుకు రుద్దు రోజినును లభించును. ఎండవేళ అడవియంతయు నిండు పరిమళము ఈ జిగురుదే. కుమారసంభవమున కాళిదాసు హిమవంతుని వర్ణించుచు, ఏనుగులు చెక్కిళ్ళ దురద తీర్చుకొన రాచుకొనిన సరళవృక్షముల పాలు కారి, ఆ వాసన చరియలకు వ్యాపించినదనెను. ఆ కవియే మేఘసందేశమున, సరళపు మ్రానులు గాలికి ఒరసికొని పుట్టిన కార్చిచ్చును వర్షించి చల్లార్చుమని మేఘుని కోరించెను. పరిమళమును, అగ్నియు ఒకే చెట్టులో ఉన్నవని మహాకవి ఎరుగును.

ఆ అగ్ని మన పాదముల క్రిందనే ఉండును. రాలి ఎండిన సూదులను అచ్చట పిరూల్ అందురు. అడవినేల యంతయు పిరూల్ తివాచీ. అది కంటికి ఇంపుగా, కాలికి మెత్తగా ఉండును గాని, దిగుడుదారిలో నూనె పోసినట్లు జారును; చేతికఱ్ఱ అందులకే. వేసవిలో ఎండలు ముదురు వేళకు సూదులు మిక్కిలిగా రాలియుండును. జిగురు నిండిన ఆ ఎండుటాకునకు ఒక్క నిప్పురవ్వ చాలును. మంట సాగిపోయిన పిదప, దళసరి బెరడుగల పెద్ద సరళవృక్షము బ్రదుకును. ఇతర జాతుల లేతమొక్కలు మాడును. ఖాళీయైన నేలమీద మరల సరళపు విత్తులే మొలచును. మనము మెచ్చుకొను ఈ సువిశాల సరళవనమునకు అగ్నియు ఒక తోటమాలి.

రెండవ తోటమాలి మనుష్యుడు. 1911 మొదలు 1917 వరకు ఆంగ్లప్రభుత్వము కుమావూన్ అడవులలో పెద్దభాగమును రిజర్వు చేసెను. జిగురు కొరకును, రైలుపట్టాల క్రింది దూలముల కొరకును సరళమును పెంచిరి. పశువుల మేతకు క్రొత్తగడ్డి మొలచుటకై గ్రామస్థులు ఏటేట ఆకును కాల్చు ఆచారము నిషిద్ధమయ్యెను. వెట్టిచాకిరి బాధ దీనికి తోడయ్యెను. 1921 జనవరిలో బాగేశ్వర్‌లో మకరసంక్రాంతి జాతరనాడు, బదరీదత్త పాండే మొదలగువారి నాయకత్వమున జనులు వెట్టి పద్దుపుస్తకములను సరయూనదిలో పారవైచిరి. ఆ వేసవిలోనే ఆగ్రహించిన గ్రామస్థులు సరళవనములకు నిప్పుపెట్టిరి. తరువాత 1931లో వనపంచాయతీల నిబంధనలు వచ్చి, కొంత అడవి గ్రామముల పాలనకు తిరిగి చేరెను. అడవి ఎవరిదను వివాదము ఈ నీడలోనే నడచినది.

పైకి పోయినకొలది, చల్లని మడతలలో బాంజ్ అను సిందూరజాతి చెట్టు అక్కడక్కడ కనబడును. దాని క్రింద నేల నల్లగా, తేమగా ఉండును. దాని ఆకు పశువులకు మేత, పెంటకు ఎరువు. కొడవలియు త్రాడును చేతబట్టి అడవికి పోవు కుమావూన్ స్త్రీకి సరళముకంటె బాంజ్ ప్రియమగుటకు కారణమిదియే. బాంజ్ ఉన్నచోట ఊటనీరు నిలుచునని వారి అనుభవము. నౌలా అను రాతికట్టడపు ఊటబావులకు అల్మోడా పేరుపొందినది.

కొండకొనయందు కసార్‌దేవి గుడి. సమీపమున ఆరవ శతాబ్దికి చెందిన శిలాశాసనము కలదు. 1890లో వివేకానందస్వామి ఇచ్చటి గుహలో ధ్యానముచేసిరి. ఆకాశము నిర్మలమైనచో ఉత్తరమున త్రిశూలము, 7,816 మీటర్ల నందాదేవి, పంచచూలి వరుసగా నిలుచును. ఇందులకు అక్టోబరు, నవంబరు నెలలు శ్రేష్ఠములు. వేసవిలో ధూళియు పొగయు శిఖరములను కప్పివేయును.

ఆ పొగను తేలికగా చూడరాదు. ఈ దారినే ఇంకను ముందుకు సాగినచో బిన్సర్ అభయారణ్యము వచ్చును. 2024 జూన్‌లో అచ్చట కార్చిచ్చును ఆర్పబోయి అటవీసిబ్బందిలో నలుగురు ఆనాడే ప్రాణములు కోల్పోయిరి. ఇంకను కొందరు తీవ్రముగా కాలిరి. పిరూల్‌ను ఏరి తెచ్చినవారికి కిలోకింత అని రొక్కమిచ్చు పథకమును రాష్ట్రప్రభుత్వము ఆ యేడే చేపట్టినది. పేదకు కూలియు, అడవికి రక్షణయు ఒకేసారి కలుగు ఉపాయమిది.

కనుక ఈ దారిని నడువదలచినవారు అగ్గిపెట్టెను సంచిలో దాచి, బీడీ సిగరెట్ల ముచ్చట పట్టణముననే ముగించుకొని బయలుదేరవలెను. అడవిలో పొయ్యి రాజేయరాదు. ఎచ్చటనైన పొగ కనబడినచో సమీపమున ఉన్న గ్రామస్థులకో, అటవీసిబ్బందికో వెంటనే తెలుపవలెను. కొండ ఎక్కుటకు ఈ దారి మననుండి సాహసమును కోరదు. కోరునది జాగరూకత ఒక్కటే. ఆ స్వల్పమైన సుంకము చెల్లించినవారికి సరళవనపు గాలియు, నందాదేవి దర్శనమును ఒక్క పగటిలో లభించును.