మిద్దెమెట్ల కటాంజనము - సూత్రగ్రాహి పీఠము



మిద్దెమెట్లకు వేయు కటాంజనమును గూర్చియు, దానిని కంప్యూటరుపై గీయు విద్యను గూర్చియు నేఁడు నాలుగు మాటలు చెప్పఁదలఁచితిని. విషయము చిన్నదిగాఁ దోఁచును. కాని మన వృత్తుల భవిష్యత్తు కొంత దీనియందే యిమిడియున్నది.

మన యనంతపురపు మెట్టసీమ వానకు మొగము వాచినది. ఇచ్చటి సంవత్సరపు సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్లకు అటునిటు. పైరు పండిన నాఁడు కమ్మరికొలిమి మండెడిది. పైరెండిన నాఁడు అదియుఁ జల్లారెడిది. ట్రాక్టరు వచ్చిన పిదప నాగలి, గొఱ్ఱు, గుంటక, బండిచక్రము చేసి బ్రదికిన యిండ్లకు ఆ పని సన్నగిల్లినది. ఇప్పుడు పెక్కు కుటుంబములకుఁ గూడు పెట్టుచున్నవి తలుపులు, కిటికీలు, గేట్లు, మెట్ల కటాంజనములు.

ఆ పనిలో మన స్థానమేది? మయమతము, మానసారము మున్నగు వాస్తుగ్రంథములు శిల్పులను నలుగురిగాఁ బేర్కొన్నవి: స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుఁడు, వర్ధకి. స్థపతి యాలోచించును, సూత్రగ్రాహి త్రాడు పట్టి కొలత నిర్ణయించును, తక్షకుఁడు చెక్కును, వర్ధకి కూర్చును. నేఁడు పట్టణములలో తఱచుగా చిత్రము వేఱొకరు గీసి యిచ్చుచుండఁగా మనవాఁడు కోసి యతికించుచున్నాఁడు. అనఁగాఁ దక్షకుఁడును వర్ధకియు మిగిలిరి. సూత్రగ్రాహి పీఠము చేయి జాఱుచున్నది. గీత గీయువానికి బేరమాడు నధికారము కలుగును. అతికించువానికి దినకూలి మిగులును.

ఈ విద్య మనకుఁ గ్రొత్తది కాదు. విజయనగరకాలపు దేవాలయములలో సోపానములకు ఇరుప్రక్కల ఏనుఁగు, యాళి రూపములతోఁ జెక్కిన రాతిపట్టెలను జూచియుందురు. తొండపు వంపును బోలిన యట్టి పట్టెకు శిల్పశాస్త్రమున హస్తిహస్తమని పేరు. మెట్ల వాలును ముందుగా గణింపక ఆ వంపు రాదు.

ఆ గణన యెట్టిదో చూతము. మెట్టు ఎత్తు 150, అడుగుపెట్టు వెడల్పు 250 మిల్లీమీటర్లనుకొనుఁడు. పది మెట్లకు నిలువు 1500, అడ్డము 2500. ఈ రెంటి వర్గముల మొత్తమునకు మూలము గైకొన్నచోఁ గర్ణము సుమారు 2915, పైపట్టె పొడవదియే. బౌధాయన శుల్బసూత్రము త్రాటితోఁ జెప్పిన న్యాయమిదియే.

ఇఁక నిలువు కమ్ముల సందు. 100 మిల్లీమీటర్ల గోళము దూఱరాదని ఇంగ్లండులోని కట్టడపు నియమము. పసిబిడ్డ తల దూఱకుండుటకై యేర్పడినది. మెట్టు అంచునుండి పైపట్టె 900 మొదలు 1000 మిల్లీమీటర్ల యెత్తున నుండవలెననియు అందుఁ గలదు. 12 మిల్లీమీటర్ల కమ్ములతో మన 2500 అడ్డమును 23 సందులుగా విభజించినచో ఒక్కొక్క సందు సుమారు 97 వచ్చును. 22 సందులే చేసినచో 101 దాటును. ఒక్క కమ్మి మిగిల్చుకొనుటకై నియమము తప్పినట్లగును. ఇనుము కోయక పూర్వమే ఈ భేదము తెలియవలెను.

ఆ పూర్వజ్ఞానమునే కంప్యూటరు సులభము చేయుచున్నది. ఆటోక్యాడ్ 1982 డిసెంబరులో వెలువడినది. స్కెచప్ 2000వ సంవత్సరమున వచ్చినది. అది కట్టడమును నిలువెత్తుగా, నలుదిక్కులనుండి చూపును. ఫ్రీక్యాడ్, లిబ్రెక్యాడ్ అనువానికి వెల లేదు, బీదవాఁడును నేర్వవచ్చును. ఫ్రీక్యాడ్‌నందు కొలతలను ఒండొంటితో ముడివెట్టి గీసినచో, మెట్టు ఎత్తు 150 బదులు 160 చేసినంతనే పైపట్టె వాలును, పొడవును దామే మాఱును. ఎన్ని కమ్ములు, ఎంత గొట్టము కావలయునో ముందే లెక్కకు వచ్చును. ఇంటి యజమాని చిత్రము చూచి యొప్పుకొన్న పిదపనే పని యారంభించినచో వివాదము తగ్గును, ఇనుము వృథా కాదు.

అయినను ఒక హెచ్చరిక. యంత్రము మనమిచ్చిన సంఖ్యను నమ్మును; తప్పు కొలత నిచ్చినచోఁ దప్పునే చక్కఁగా గీయును. ప్లానులో సమానముగా నున్న మెట్లు తాపీపని ముగిసిన పిదప ఒకటి పొట్టి, ఒకటి పొడవు కావచ్చును. కావున టేపు పట్టి ప్రతి మెట్టును గొలిచిన పిదపనే తెర ముందు కూర్చుండవలెను. మన యెండలో వెలుపలి మెట్ల యినుపపట్టె చేయి కాల్చునని చిత్రము చెప్పదు. పైన కొయ్యపట్టె వేయుఁడని చెప్పవలసినవాఁడు అనుభవము గల పనివాఁడే.

కావున సంఘమువారికి నా విన్నప మొక్కటే. ఒక గది, రెండు కంప్యూటరులు, వారమునకు రెండు సాయంకాలములు ఏర్పఱచుఁడు. బాలురతోఁ బాటు బాలికలనుఁ గూర్చుండఁబెట్టుఁడు. గీత గీయుటకు సమ్మెట యెత్తు బలము అక్కఱలేదు. గీయుట చదువుకొన్న యువకులు నేర్పుదురు గాక. కొలుచుట కొలిమి ముందు తల నెఱసిన పెద్దలు నేర్పుదురు గాక. ఒకరి విద్య లేక రెండవవారిది యసంపూర్ణము.

సమ్మెట మన చేతనే యున్నది. సూత్రమును గూడ మరల మన చేతికిఁ దెచ్చుకొందము.