కోల్‌కతాలో శ్రీపంచమి



విహారయాత్రలను గురించి మాట్లాడేవారు సాధారణంగా కట్టడాలతో ప్రారంభిస్తారు. నేను రేగుపండుతో ప్రారంభిస్తాను. మన ఇళ్ళలో భోగినాడు పిల్లల తలమీద పోసేవి రేగుపండ్లే. అప్పటికే వారు చెట్లన్నీ గాలించి కడుపునిండా తిని ఉంటారు. వంగదేశంలో అలా కాదు. శ్రీపంచమినాడు సరస్వతీదేవికి నివేదన జరిగేవరకు అక్కడి విద్యార్థులు రేగుపండు ముట్టరు. ముందుగా తింటే పరీక్ష తప్పుతామని వారి భయం. మా పిల్లలు ఈ సంగతిని కోల్‌కతా వీధిలో తమ ఈడు పిల్లల నోట విన్నారు. సంక్రాంతికే సేర్ల కొద్దీ తినేసిన మా పెద్దవాడి ముఖం చూడవలసిందే!

అత్తగారు, మావారు, ఇద్దరు పిల్లలు, నేను విశాఖపట్నంలో రైలెక్కాము. హౌరాకు సుమారు 880 కిలోమీటర్లు. ఒక రాత్రి ప్రయాణం. తెల్లవారేసరికి ఖరగ్‌పూర్‌లో తెలుగు మాటలు వినిపించాయి. రైల్వే ఉద్యోగాల నిమిత్తం తరాల క్రితమే వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ అనేకం. అత్తగారికి ప్రాణం లేచివచ్చింది. ఆమె దిగులంతా భోజనం గురించే. "చేపలు తినే ఊళ్ళో నేనేం తింటానమ్మా?" అంటూ పులిహోర, అటుకులు, మాగాయ ఒక బుట్టనిండా సర్దించారు. 2001లో పేరు మారినా, ఆమె నోట ఆ నగరం కలకత్తాయే.

హౌరా వంతెనను గురించి మీరు చదివే ఉంటారు. 1943లో రాకపోకలకు తెరచిన ఈ వంతెనకు నది మధ్యలో ఒక్క స్తంభమైనా లేదు. ఉక్కు దూలాలను రివెట్లతో బిగించి కట్టారు. అయితే మమ్మల్ని నిలబెట్టింది వంతెనకంటె దాని క్రిందనున్న మల్లిక్ ఘాట్ పూల సంత. బంతిపూల దండలు గుట్టలుగా పోసి ఉన్నాయి. పూజ దినాలు గనుక వాటి నడుమ మోదుగపూలు కూడ. పంచాంగం ప్రకారం మాఘమాసం ఇంకా శిశిరమే. వసంతపంచమి అన్న పేరే ముందుగా వచ్చేస్తుంది. ఆ పేరును నిలబెట్టవలసిన భారం మోదుగమీద పడుతుంది కాబోలు.

మరునాడు పూజ. పసుపుపచ్చని చీరలు కట్టిన బాలికలతో వీధులన్నీ నిండిపోయాయి. మేము బస చేసిన వీధి చివర పందిరిలో ఇంకా బడికి పోని పసివారికి అక్షరాభ్యాసం జరుగుతున్నది. దానిని వారు "హాతే ఖొడి" అంటారు. చేతికి సుద్ద ఇవ్వడమని అర్థం. మా చిన్నదానికి ఆ శుభకార్యం ఇంకా జరుగలేదు. మావారు అక్కడే కానిద్దామన్నారు. అత్తగారు ససేమిరా ఒప్పుకోలేదు. "దీని మొదటి అక్షరం తెలుగే కావాలి. బాసరలోనో, మనింట్లోనో చేయిద్దాం" అన్నారు. నాకు ఆమె మాట కాదనబుద్ధి కాలేదు. తల్లిభాషలో తొలి అక్షరం దిద్దాలనుకోవడం సంకుచితత్వం కాదు కదా!

మా తర్జనభర్జన గమనించిన ఒక వృద్ధురాలు విషయమేమిటని హిందీలో అడిగి తెలుసుకున్నది. పురోహితునితో ఏదో చెప్పింది. ఆయన నవ్వి, పలక అత్తగారి ముందుంచి, మీరే దిద్దించండని సైగ చేశారు. పలకమీద కాదు, మాకు బియ్యంలో ఆచారమన్నారు అత్తగారు. ఆ వృద్ధురాలు ఇంటికి పోయి ఇత్తడి పళ్ళెంలో బియ్యం తెచ్చింది. అత్తగారు మనుమరాలి వేలు పట్టుకొని "ఓం నమశ్శివాయ" దిద్దించారు. పిమ్మట పురోహితుడు అదే వేలికి సుద్ద అందించి, పలకమీద బంగ్లా "అ" వ్రాయించారు. ఈసారి అత్తగారు అడ్డు చెప్పలేదు. ఆ పలక ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. అక్షరం మాత్రం ప్రయాణంలోనే చెరిగిపోయింది.

ప్రసాదంగా పెట్టినది ఖిచుడి, కలగూర, రేగుపండ్ల తీపి పచ్చడి. వేయించిన పెసరపప్పుతో వండిన ఖిచుడిలో ఉల్లి లేదు. అత్తగారు మారు వడ్డించుకున్నారు. తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు ఇదే రోజున ఇలిశ్ చేపల జంటను ఇంటికి తెచ్చుకుంటాయని తెలిసినప్పుడు, "మన గోదావరివాళ్ళు పుస్తెలమ్మైనా పులస తినమనలేదూ!" అన్నారామె. నిజమే, ఇలిశ్, పులస ఒకే జాతి. ఆపై మునగపూల వేపుడు, లేత వేపాకుతో వంకాయ కూడ రుచి చూశారు. ఉగాదికి వేపపువ్వు తినే మనకు ఆ చేదు పరాయిది కాదు.

శిబ్‌పూర్ వృక్షశాస్త్రోద్యానాన్ని మాత్రం తప్పక చూడండి. 1787లో స్థాపితమైన ఈ తోట బాధ్యతను 1793లో స్వీకరించిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో పనిచేసినవాడే. కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన తన గ్రంథాలలో ఆయన వాటి తెలుగు పేర్లు కూడ నమోదు చేశాడు. అక్కడి మహావటవృక్షానికి మొదటి మాను లేదు. తెగులు సోకగా 1925లో తొలగించారు. ఊడలే మానులై నిలిచాయి. మా పెద్దవాడు చాలాసేపు మొదలు కోసం వెదికాడు.

ట్రామును గురించి ఒక్క మాట. 1873లో గుర్రాలతో మొదలై, 1902లో విద్యుత్తును అందుకున్న ఆ బండ్లను ఒక్క మార్గంలో తప్ప నిలిపివేయనున్నట్లు 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ సంవత్సరమే హుగ్లీ నది క్రిందుగా మెట్రో రైలు నడవసాగింది. పిల్లలు మెట్రోలో రెండుసార్లు తిరిగారు. అత్తగారికి ట్రామే నచ్చింది.

వెళ్ళదలచినవారు శ్రీపంచమికి నాలుగు రోజుల ముందే చేరుకోండి. ఈతచెట్టు కల్లునీరు కాచి తీసే కొత్త బెల్లం చలికాలపు పంట. ఆ బెల్లంతో చేసే సందేశ్ ఎండలు ముదిరితే ఆ రుచితో దొరకదు. మేము రెండు పెట్టెలు కొన్నాము. ఖాళీ అయిన పులిహోర బుట్టలో అవి సరిగ్గా పట్టాయి.