స్నానపు గదిలో సామానుకు చోటు

మన పెద్దల కాలమున స్నానమునకు ప్రత్యేకముగ గది యుండుట అరుదు. పెరటిలో నూతి చప్టాయో, తాటాకు దడి కట్టిన దొడ్డి మూలయో స్నానస్థలముగ నుండెడిది. ఒక ప్రక్క పొయ్యిపై నీళ్ళ కాగు, మరియొక ప్రక్క గంగాళము, దానిలో చెంబు. గోడ గూటిలో సున్నిపిండి గిన్నె, కుంకుడుకాయల డబ్బా. పైన బట్టలకొక దండెము. సామానంతయు అంతే. ఎండయు గాలియు ధారాళముగ వచ్చుటచే తడి ఎప్పటికప్పుడు ఆరిపోయెడిది. ఏ వస్తువు నెక్కడ ఉంచవలెనని ఆలోచింపవలసిన అవసరము ఎవరికిని కలుగలేదు.

ఆ దొడ్డి మూల నేడు ఇంటిలోనికి వచ్చినది. ఐదడుగుల వెడల్పు, ఏడెనిమిది అడుగుల పొడవు గల గదిలో స్నానము, మరుగుదొడ్డి, ముఖము కడుగుకొను బేసిను, గీజరు, కొన్ని ఇండ్లలో బట్టలుతుకు యంత్రము కూడ చేరినవి. సామాను పెరిగినది, గాలి తగ్గినది. అయినను పాత స్నానపు గదిని బాగుచేయింప దలచిన గృహస్థులు టైళ్ళ రంగును గురించియు, కుళాయిల మెరుపును గురించియు చర్చించునంతగ సామాను చోటును గురించి చర్చింపరు.

మేమును అట్లే చేసితిమి. కొన్నేండ్ల క్రిందట మా యింటి స్నానపు గదిని తిరుగ కట్టించినపుడు టైళ్ళు ఎంచుటకు నాలుగు దినములు వెచ్చించితిమి. అల్మరాలను గురించి నాలుగు నిమిషములైనను ఆలోచింపలేదు. పని ముగియవచ్చిన దినమున వడ్రంగి వచ్చి, “అల్మరాలు ఎక్కడ పెట్టమంటారండీ?” అని అడిగెను. తలుపునకు పైన కొంత ఖాళీ, బేసిను క్రింద కొంత ఖాళీ కనబడినవి. ఆ రెండు చోటులను చూపితిమి. చవకగ దొరకినదని రంపపు పొట్టును అతికించి చేసిన పలకలను తెప్పించితిమి.

రెండవ వానకాలము నాటికి బేసిను క్రింది అల్మరా అడుగు పలక నానిన అటుకులవలె ఉబ్బిపోయినది. బందుల మరలు ఊడి తలుపు చేతికి వచ్చినది. ఇది ధననష్టము మాత్రమే. తలుపుపైని అల్మరా అంతకంటె పెద్ద కీడు చేసినది. సున్నిపిండి డబ్బాను అందులో ఉంచితిమి. ఒక పండుగనాటి ఉదయమున మా అమ్మగారు దానికొరకు తడి నేలపై పీట వేసికొని ఎక్కిరి. పీట జారినది. మణికట్టు విరిగినది. ఆమె గడియ వేసికొనలేదు. కాని తలుపు లోపలికి తెరచుకొనునట్టిది. ఆమె దానికి అడ్డముగ పడియుండుటచే వెంటనే లోపలికి పోలేకపోతిమి. తలుపును అంగుళ మంగుళముగ నెట్టుచు, ఆమె మూలుగును వినుచు నిలిచిన ఆ కొద్ది నిమిషములను మేము మరువజాలము.

మరల పని చేయించినపుడు మేము ఆచరించిన సంగతులనే నేడు శ్రోతలకు విన్నవించుచున్నాము.

మొదట చేయవలసినది లెక్క. వడ్రంగిని పిలుచుటకు ముందే గదిలోని ప్రతి వస్తువును వరండాలోనికి తెచ్చి చాపపై పరచితిమి. ఖాళీ సబ్బుపెట్టెలు, గట్టిపడిన బూటుపాలిషు, గడువు దాటిన మందులు ఎన్నియో బయటపడినవి. వాటిని తీసివేయగ మిగిలిన సామానును మూడు కుప్పలు చేసితిమి: నిత్యము వాడునవి, అప్పుడప్పుడు వాడునవి, అపాయకరమైనవి. సబ్బు, నూనె, సున్నిపిండి, పండ్లపొడి, తువ్వాలు మొదటి కుప్ప. అదనపు సబ్బులు, బ్రష్షులు రెండవది. ఫినాయిలు, యాసిడ్, బ్లీచింగు పొడి మూడవది. ఈ లెక్క తేలినగాని ఎన్ని అరలు కావలెనో తెలియదు.

రెండవది ఎత్తు. మా అమ్మగారిని గోడ ప్రక్కన నిలువబెట్టి, ఆమె నడుము వంపక అందుకొనగల చోట ఒక గీతయు, కంటి మట్టమున ఒక గీతయు సుద్దతో గీచితిమి. నేలనుండి రమారమి రెండడుగుల ఎత్తు మొదలు నాలుగున్నర అడుగుల వరకు ఆ గీతల నడుమ చోటు తేలినది. నిత్యము వాడు వస్తువులన్నియు ఇంట నందరికంటె పొట్టివారి చేతికి, వృద్ధుల చేతికి అందు ఈ పట్టీలోనే ఉండవలెను. పీట ఎక్కినగాని అందని అర స్నానపు గదిలో ఉండనే కూడదు.

మూడవది తడి చోటును పొడి చోటును వేరుచేయుట. స్నానము చేయునపుడు నీటి చుక్కలు ఎంతవరకు పడునో ఒకనాడు గమనించిన చాలును. ఆ మేరలో కొయ్య సామాను పెట్టరాదు. అచ్చట మన పాత గూడే మేలు. అయితే గూడు తీయుటకు గోడ మందము ఉండవలెను. తొమ్మిదంగుళాల గోడలో నాలుగంగుళాల లోతు గూడు తీయవచ్చును; నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలో తీయరాదు. నీటి గొట్టములుగాని, విద్యుత్తు తీగలుగాని పోవు చోటును తప్పింపవలెను. గూటి అడుగు ముందుకు కొంచెము వాలి యున్నయెడల నీరు నిలువదు. టైళ్ళు అంటించుటకు ముందే లోపల నీరు దిగని పూత వేయింపవలెను. కనుక గూటి సంగతి తాపీ మేస్త్రికి మొదటి దినముననే చెప్పవలెను. వృద్ధులు పట్టుకొను ఉక్కు కడ్డీ విషయమును అంతే. అది టైలునకు గాక గట్టి గోడకు బిగియవలెను.

నాలుగవది బేసిను పరిసరము. దాని క్రింది అల్మరాను నేలపై నిలుపక గోడకు బిగించి, అడుగున ఎనిమిది తొమ్మిది అంగుళములు వదలినచో చీపురు లోపలివరకు పోవును, తడి తగులదు. నీటిని కట్టు కుళాయియు, మురుగు గొట్టపు వంపును చేతికి అందునట్లు వెనుక పలకను కోయించి యుంచవలెను. లేనియెడల ప్లంబరు వచ్చిన ప్రతిసారియు అల్మరాను విప్పవలసి వచ్చును. అద్దము వెనుకనుండు బీరువా ఐదంగుళాల లోతు మించరాదు. మించినయెడల ముఖము కడుగుటకు వంగినవారి నుదుటికి తగులును.

ఇక ఏ పలక వాడవలెను? ప్లైవుడ్ వాడదలచినవారు నీటిని తట్టుకొను మెరైను రకమునే అడుగవలెను. దానిపై భారత ప్రమాణముల సంస్థ గుర్తును, ఐ.ఎస్. 710 అను సంఖ్యయు ఉండవలెను. ఆ రకపు జిగురు 72 గంటలు నీటిలో ఉడికించినను విడిపోరాదని నియమము. కాని ఎంత మంచి పలకకైనను కోసిన అంచులనుండియు, మర దిగిన రంధ్రములనుండియు నీరు దిగును. ఆ అంచులను పూతతోగాని పట్టీతోగాని మూయించుట గృహస్థు దగ్గరనుండి చూచుకొనవలసిన పని. ప్లాస్టికు పలకలు ఉబ్బవు, చెద పట్టదు. అయితే అవి బరువు మోయలేవు, గీజరు వేడి దగ్గర పనికిరావు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్నము వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి మామూలు ఇనుప బందులు త్వరగ త్రుప్పు పట్టును గనుక స్టెయిన్‌లెస్ స్టీలు బందులే శ్రేయస్కరము.

మన ప్రాంతమునకు చిరపరిచితమైన కడప బండను మరువరాదు. దానితో వేసిన అరకు చెద లేదు, ఉబ్బు లేదు. అయితే కడప బండయు, తాండూరు బండయు సున్నపురాతి జాతివి. మరుగుదొడ్డి కడుగు యాసిడ్ చుక్క పడినచో పొంగి మచ్చ పడును. కనుక యాసిడ్ సీసాను ఆ అరపై ఉంచరాదు.

అపాయకరమైన మూడవ కుప్పకు తాళము గల వేరొక అర ఉండవలెను. దానిని స్నానపు గదికి వెలుపల, పిల్లల చేతికి అందని చోట అమర్చుట మేలు. యాసిడును బ్లీచింగు పొడియు ప్రక్కప్రక్కన ఉంచరాదు. అవి కలిసినచో ఊపిరితిత్తులకు హాని చేయు క్లోరిన్ వాయువు పుట్టును. మందులను కూడ స్నానపు గదిలో ఉంచరాదు. వేడినీటి ఆవిరికి, చెమ్మకు అవి గడువుకు ముందే చెడును.

ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను గాలి లేనిదే అల్మరా నిలువదు. పాత దొడ్డికి ఎండ చేసిన మేలును ఇప్పుడు కిటికీయు, గాలిని బయటికి లాగు పంకాయు చేయవలెను. స్నానము ముగిసిన తరువాత కూడ కొంతసేపు పంకాను తిరుగనీయవలెను. అల్మరా తలుపులకు సన్నని చీలికలు తీయించినయెడల లోపలి చెమ్మ పోవును.

మేము చివరకు తలుపుపైని అల్మరాను తీసివేయించి, గది తలుపును వెలుపలికి తెరచుకొనునట్లు మార్పించితిమి. దీనివలన లోపల రెండున్నర అడుగుల చోటు కలిసివచ్చినది. అంతకంటె ముఖ్యముగ, లోపల ఎవరైనను పడినచో తలుపు అడ్డుకాదు. సుద్దగీతల నడుమ ఒక గూడు తీయించి, దానిలో సున్నిపిండి డబ్బా ఉంచితిమి.

మొన్నటి దీపావళినాడు మా అమ్మగారు ఎవరిని పిలువక, నిలుచున్న చోటనే చేయి చాచి ఆ డబ్బాను తీసికొనిరి. ఆమె మణికట్టు నేటికిని పూర్తిగ తిరుగదు. పని మొదలుపెట్టక ముందే ఒక సుద్దముక్క చేతబట్టి యుండవలసినదని దానిని చూచినపుడెల్ల మాకు తోచును. స్నానపు గదిని బాగుచేయింప దలచిన శ్రోతలు టైళ్ళ దుకాణమునకు పోవుటకు ముందు ఇంటిలోని పెద్దవారిని ఆ గోడ ప్రక్కన ఒక్కసారి నిలువబెట్టి చూతురుగాక.