కాపలా హైదరాబాద్‌కు, కప్పం ఆదోనికి

(హొళగుందలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్, అమెరికాల మధ్య కుదిరిన రక్షణ ఒప్పందం గురించి చెప్పమని నన్ను పిలిచారు. తప్పకుండా చెబుతాను. అయితే మొదట ఆదోని సంగతి చెప్పాలి. అలాంటి ఒప్పందం ఒకటి జపాన్ కంటే నూట యాభై ఏళ్ల ముందే ఈ నేల మీద అమలైంది. దాని ఖర్చు భరించింది మన తాతముత్తాతలు.

1795లో ఖర్దా దగ్గర నిజాం అలీఖాన్ మరాఠాల చేతిలో ఓడిపోయాడు. మిత్రులమని చెప్పుకున్న ఇంగ్లీషు కంపెనీ వాళ్లు ఆ రోజు తమకేమీ పట్టనట్టు ఊరుకున్నారు. అయినా భయపడ్డ నిజాం చివరికి వాళ్ల దగ్గరికే పోయాడు. 1798 సెప్టెంబర్ 1న ఒప్పందం జరిగింది. కంపెనీ ఆరు పటాలాలు ఇస్తుంది. నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. ఫ్రెంచి అధికారులు తర్ఫీదిచ్చిన సొంత పటాలాలను రద్దు చేసుకోవాలి. కాపలావాడు ఇంట్లోకి వస్తూనే ఇంటాయన చేతికర్ర లాక్కున్నాడన్నమాట!

1800 అక్టోబర్ 12న ఇంకో ఒప్పందం రాసుకున్నారు. సైన్యం ఎనిమిది పటాలాలకు, రెండు అశ్విక దళాలకు పెరిగింది. ఏటేటా డబ్బు కట్టే బదులు భూమే ఇచ్చేయమన్నారు. టిప్పు సుల్తాన్ రాజ్యం నుంచి 1792లో, 1799లో నిజాంకు వచ్చిన వాటా అంతా అలా పోయింది. అందులో తుంగభద్రకు ఉత్తరాన ఉన్న కొప్పళ, గజేంద్రగడ వంటివి నిజాం తిరిగి ఉంచుకుని, వాటికి బదులు నదికి దక్షిణాన ఉన్న ఆదోనిని ఇచ్చేశాడు. సరిహద్దు నది వెంట చక్కగా ఉండాలని దొరల కోరిక. ఆ మార్పిడిలో పోయిన సీమ మనది. ఇక్కడి రైతును ఎవరడిగారు?

ఇచ్చింది శాశ్వతంగా ఇచ్చారు. పైగా కంపెనీకి తెలియకుండా నిజాం వేరే రాజ్యంతో మాట్లాడకూడదు. హైదరాబాద్‌కు కాపలాగా ఆ సైన్యం దిగిన చోటే తర్వాత సికింద్రాబాద్ అయింది. దాని జీతం ఆదోని, బళ్లారి, కడప రైతుల శిస్తు. మనకు మిగిలింది దత్త మండలాలనే పేరు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనేదాకా ఆ పేరే మోశాం.

కలెక్టరుగా వచ్చిన మన్రో ఇక్కడ శిస్తు నాలుగో వంతు తగ్గించాలని 1807లో రాశాడు. మద్రాసు సర్కారు ఒప్పుకోలేదు. ఆయనే గవర్నరై 1820లో తిరిగి వచ్చాక గాని ఆ తగ్గింపు రాలేదు. 1827లో మన పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. నిజాం కష్టాలూ తీరలేదు. సైన్యం బాకీల కింద 1853లో బేరారును కంపెనీ చేతిలో పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు జపాన్‌కు వద్దాం. 1945లో ఓడిన ఆ దేశం 1951 సెప్టెంబర్ 8న శాంతి ఒప్పందంతో పాటు అదే రోజు రక్షణ ఒప్పందం మీద కూడా సంతకం చేసింది. అమెరికా సైన్యం అక్కడే ఉంటుంది. గడువు లేదు. దేశంలో అల్లర్లు జరిగితే జపాన్ ప్రభుత్వం కోరిక మీద ఆ సైన్యం దిగవచ్చు. మన 1800 ఒప్పందం లాంటిదే. మరి జపాన్ ఎందుకు నిజాం కాలేదు?

ఒక కారణం, ఖజానా తన చేతిలోనే ఉంచుకుంది. సొంత సైన్యం మీద ఖర్చు తగ్గించి ఫ్యాక్టరీలు నిలబెట్టింది. కొరియా యుద్ధం ఆర్డర్లు, అమెరికా మార్కెట్టు కలిసొచ్చాయి. రెండో కారణం జనం. 1960లో విద్యార్థులు, కార్మికులు లక్షలాదిగా వీధుల్లోకి వచ్చారు. ఒక విద్యార్థిని ప్రాణం పోయింది. అమెరికా అధ్యక్షుడి పర్యటన రద్దయింది, ప్రధాని కిషి దిగిపోయాడు. ఒప్పందాన్ని వాళ్లు ఆపలేకపోయారు. అయితే ఆ ఏడాది సవరించిన ఒప్పందంలో అల్లర్ల షరతు పోయింది. పదేళ్లు గడిచాక ఎవరైనా ఏడాది నోటీసుతో తప్పుకోవచ్చన్న మాట చేరింది.

అలాగని జపాన్ ఉచితంగా బతికిందనుకోకండి. కార్ల ఎగుమతికి 1981లో పరిమితి పెట్టుకోవాల్సి వచ్చింది. 1985లో ప్లాజా ఒప్పందంతో యెన్ విలువ పెరిగి ఎగుమతిదారులు ఇబ్బంది పడ్డారు. 1991 గల్ఫ్ యుద్ధానికి 1,300 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందరికంటే ఎక్కువ మోసింది ఒకినావా. 1972 దాకా అమెరికా పాలనలోనే ఉంది. దేశం నేలలో నూటికి ఒక వంతు కూడా లేని ఆ దీవుల్లోనే, జపాన్‌లో అమెరికా స్థావరాలకు ప్రత్యేకించిన భూమిలో దాదాపు 70 శాతం ఉంది. టోక్యోకు ఒకినావా ఎలాగో, ఆనాటి హైదరాబాద్‌కు ఆదోని అలాగ.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఏ ఒప్పందం చదివినా నాలుగు ప్రశ్నలు వేయండి. సంతకం ఎవరిది? ఖర్చు ఎవరిది? గడువు ఎంత? తిరగరాసే దారి ఉందా? 1800లో ఈ ప్రశ్నలు అడిగే అవకాశం మన పెద్దలకు లేదు. మనకు ఉంది.