గొంతు మార్చబోయిన చిత్రం

ఒక మనిషిని ఆనవాలు పట్టడానికి ముఖం చూడవలసిన పని లేదు. పక్క గదిలోంచి వినవచ్చే రెండు మాటలు చాలు. రేడియో ముందు కూర్చునేవారికి ఈ సంగతి ఎవరూ బోధించనక్కరలేదు. వినబడే గొంతును బట్టి మాట్లాడేవారి వయస్సు, ఊరు, చదువు, అప్పటి మనస్థితి కూడా మనం పోల్చుకుంటాం. మరి ఒక నటుని నటనను తెర మీద అలాగే ఉంచి, అతని గొంతు మాత్రం తీసివేసి, ఆ స్థానంలో వేరొకరి గొంతును అతికిస్తే, మిగిలేది ఆ నటుడేనా? 1980 ప్రాంతంలో ఇంగ్లండులో ఒక చిన్న చిత్రం విషయమై ఈ ప్రశ్న తలెత్తింది. ఆ చిత్రం కథను, దానిని చూచినవారి కథను ఈ పూట మీకు మనవి చేస్తాను.

చిత్రం పేరు ‘ది లాంగ్ గుడ్ ఫ్రైడే’. 1979లో తయారయింది. రచయిత బారీ కీఫ్ తూర్పు లండనులో పుట్టి, స్ట్రాట్‌ఫర్డ్ ప్రాంతపు పత్రికలో విలేకరిగా పనిచేసినవారు. దర్శకుడు జాన్ మెకంజీ స్కాట్లండు దేశీయుడు. ప్రధాన పాత్రధారి బాబ్ హాస్కిన్స్. పొట్టివాడు, బలిష్ఠుడు, బట్టతల మనిషి. సినిమా కథానాయకుని లక్షణాలుగా మనం చెప్పుకునేవి ఒక్కటీ ఆయనలో లేవు. పెట్టుబడి లూ గ్రేడ్ గారి టెలివిజను వ్యాపారానికి చెందిన ఒక శాఖ పెట్టింది. అయిన ఖర్చు సుమారు 9,30,000 పౌన్లు. అదే సంవత్సరం వెలువడిన జేమ్స్ బాండ్ చిత్రం ‘మూన్‌రేకర్’కు మూడు కోట్ల డాలర్లకు పైగా వ్యయమయిందంటే, ఇది ఎంత చిన్న ప్రయత్నమో మీకు బోధపడుతుంది.

కథానాయకుడు హెరాల్డ్ షాండ్ లండను దొంగల నాయకుడు. అధికారులకు లంచాలిచ్చి, పోటీదారులను లొంగదీసి, పదేళ్లుగా నగరంలో శాంతిని నిలిపింది తానేనని గర్వించే మనిషి. థేమ్స్ ఒడ్డున పాడుబడిన ఓడరేవు భూములలో కొత్త నగరం కట్టించాలని అతని ఆశ. 1988 ఒలింపిక్ క్రీడలు అక్కడే జరుగుతాయని అతని అంచనా. పెట్టుబడి కోసం అమెరికా నుంచి మాఫియా ప్రతినిధులను రప్పిస్తాడు. వారు వచ్చిన రోజు గుడ్ ఫ్రైడే. ఆనాడే అతని తల్లి ప్రార్థనకు వెళ్లిన చర్చి ముందు ఆమెను తీసుకువచ్చిన కారు పేలిపోతుంది. చిరకాల మిత్రుడు ఈతకొలను వద్ద కత్తిపోటుకు బలి అవుతాడు. అతిథులను విందుకు తీసుకుపోతుండగా, ఆ విందు జరగవలసిన పానశాల కళ్లెదుటే కూలిపోతుంది.

ఎవరి పని ఇది? హెరాల్డ్‌కు తెలిసిన శత్రువులు తనవంటి దొంగలే. వారిని పట్టి తెప్పించి, కబేళాలో మాంసం వేలాడదీసే కొక్కేలకు తలకిందులుగా కట్టిస్తాడు. వారెవరికీ ఏమీ తెలియదు. అతని అనుచరులే అతనికి చెప్పకుండా ఒక ప్రమాదకరమైన బేరంలో తలదూర్చారు. ఆ బేరం ఉత్తర ఐర్లండును బ్రిటను నుంచి విడదీయడానికి ఆయుధం పట్టిన ఐ.ఆర్.ఏ. తో. డబ్బుతో గాని బెదిరింపుతో గాని ఎవరినైనా లొంగదీయవచ్చునని హెరాల్డ్ నేర్చుకున్న విద్య ఆ శత్రువు ముందు పనికిరాలేదు.

ఈ చిత్రానికి తొలి ప్రేక్షకులు టిక్కెట్టు కొని వచ్చినవారు కారు, డబ్బు పెట్టినవారు. వారికి రెండు భయాలు కలిగాయి. మొదటిది రాజకీయమైన భయం. మన దేశపు చివరి వైస్రాయి మౌంట్‌బాటన్ ప్రభువు 1979 ఆగస్టు 27న ఐర్లండు తీరాన పడవలో ఉండగా ఐ.ఆర్.ఏ. పెట్టిన బాంబు పేలి మరణించారు. అటువంటి రోజులలో, ఆ సంస్థను ఎవరూ గెలవలేనట్లు చూపే చిత్రాన్ని బయటికి తేవడం వారికి క్షేమంగా తోచలేదు. థియేటర్లకు పంపకుండా, ఇబ్బందికరమైన ఘట్టాలను చాలా వరకు కత్తిరించి, టెలివిజనులో వేసి చేతులు దులుపుకుందామనుకున్నారు.

రెండవ భయం గొంతును గురించినది. హెరాల్డ్ మాట్లాడేది లండను శ్రామికుల కాక్నీ యాస. హాస్కిన్స్ లండనులోని ఫిన్స్‌బరీ పార్కులో పెరిగినవారు గనుక నగర సామాన్యుల పలుకుబడి ఆయనకు నేర్చుకున్న విద్య కాదు, నోటి అలవాటు. అమెరికావారికి ఈ మాటలు అర్థం కావని శంకించి, ఇంగ్లండు మధ్య ప్రాంతానికి చెందిన మరొక నటుని చేత ఆ మాటలన్నీ తిరిగి చెప్పించారు. ఈ సంగతి తెలిసి హాస్కిన్స్ మండిపడ్డారు. న్యాయపోరాటానికి సిద్ధపడ్డారు. తన ముఖం వేరొకరి నోటితో మాట్లాడితే నవ్వులపాలయ్యేది తానేనని ఆయన బాధ. ఒక నటునికి ఇది అభిమాన విషయం మాత్రమే కాదు, జీవనోపాధి కూడా.

చివరకు చిత్రాన్ని కాపాడినవారు బీటిల్స్ బృందపు గాయకులలో ఒకరు, మన పండిట్ రవిశంకర్ వద్ద సితారు అభ్యసించిన జార్జ్ హారిసన్. మాంటీ పైథాన్ బృందం వారి హాస్య చిత్రం నుంచి 1978లో పెట్టుబడిదారులు తప్పుకోగా, తన ఇల్లు తాకట్టు పెట్టి దానిని నిలబెట్టినవారాయన. అందుకోసం ఏర్పడిన హాండ్‌మేడ్ ఫిల్మ్స్ సంస్థే, నిర్మాణానికి అయిన ఖర్చు కంటె తక్కువ ధరకు ఈ చిత్రం హక్కులను కొన్నది. కత్తిరింపులు లేకుండా, హాస్కిన్స్ గొంతుతోనే, 1981లో థియేటర్లలో విడుదల చేసింది.

ఇక అసలు ప్రేక్షకులు వచ్చారు. చిత్రాన్ని ఆదరించారు. బ్రిటిష్ అకాడమీ వారి ఉత్తమ నటుని బహుమతికి హాస్కిన్స్ పేరు పరిశీలనకు వచ్చింది. అమెరికాలో అపరాధ కథా రచయితల సంఘం 1983లో ఎడ్గర్ బహుమతిని బారీ కీఫ్ రచనకే ఇచ్చింది. ఆ మాటలు ఏ దేశంవారికి అర్థం కావని శంకించారో, ఆ దేశమే రచయితను సన్మానించడం విశేషం. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు సినిమా రంగంతో సంబంధం గల వెయ్యిమంది అభిప్రాయాలను సేకరించి, ఆ శతాబ్దపు నూరు ఉత్తమ బ్రిటిష్ చిత్రాలను ఎంచినప్పుడు దీనికి 21వ స్థానం దక్కింది.

అయితే చిత్రంలో లోపాలు లేవని కాదు. హింస అధికం. కబేళా ఘట్టం గాని, పగిలిన సీసాతో నమ్మిన అనుచరుని పొడిచే ఘట్టం గాని కుటుంబంతో కూర్చుని చూడదగినవి కావు. ప్రారంభంలో చాలాసేపు మాటలు దాదాపు ఉండవు. ఎవరు ఎవరికి డబ్బు చేరవేస్తున్నారో, ఎవరు ఎవరిని చంపుతున్నారో మొదటిసారి చూచేవానికి అంతుపట్టదు. సగం కథ గడిచిన తరువాత గాని ఆ ముడి విడిపోదు. కాని ఆ తికమకలోనే ఒక ఔచిత్యం ఉన్నది. హెరాల్డ్‌కు తెలియనిది మనకూ తెలియదు. అతనితోపాటే మనమూ వెదకుతాం, అతనితోపాటే పొరబడతాం.

ప్రేక్షకులు దొంగను మెచ్చుకున్నారా? ఈ ప్రశ్న ఇటువంటి చిత్రాలన్నిటికీ ఎదురయ్యేదే. నా అభిప్రాయంలో వారు మెచ్చుకున్నది దొంగను కాదు, నిజమైన మనిషిని. నది మీద తన పడవలో, వెనుక టవర్ బ్రిడ్జి కనబడుతుండగా, దేశాభివృద్ధిని గురించి హెరాల్డ్ మంత్రిగారి ధోరణిలో ఉపన్యసిస్తాడు. మాటలు పెద్దమనిషివి, యాస వీధి కుర్రవానిది. ఆ రెంటికీ పొసగకపోవడంలోనే అతని చరిత్ర అంతా ఉన్నది. ఎక్కడ పుట్టాడో, ఎక్కడికి ఎగబాకాలనుకున్నాడో చెప్పేది ఆ యాసే. దానిని చెరిపి నున్నని ఇంగ్లీషు పెడితే మిగిలేది ఒక సాధారణ వ్యాపారి.

అతని కల మాత్రం వింతగా ఫలించింది. లండను ఓడరేవులు ఒక్కొక్కటే మూతపడి, చిత్రం విడుదలైన 1981లోనే ఆ భూముల పునర్నిర్మాణానికి ప్రభుత్వం ఒక సంస్థను నెలకొల్పింది. తరువాత అక్కడ కానరీ వార్ఫ్ ఆకాశహర్మ్యాలు లేచాయి. 2012లో ఒలింపిక్ క్రీడలు బారీ కీఫ్ విలేకరిగా తిరిగిన స్ట్రాట్‌ఫర్డ్‌లోనే జరిగాయి. ఒక దొంగ నోట పలికించిన ఊహను ప్రభుత్వాలు, పెట్టుబడిదారులు నెరవేర్చారు. ఇది చూచిన తరువాత ఆ పడవ మీది ఉపన్యాసం మళ్లీ వింటే నవ్వు రాదు.

చిత్రం ముగింపును గురించి ఒక్క మాట. అమెరికా అతిథులు భయపడి వెళ్లిపోతుంటే, సవాయ్ హోటలులో వారిని తిట్టిపోసి హెరాల్డ్ బయటికి వచ్చి తన కారు ఎక్కుతాడు. కారు కదిలిన తరువాత తెలుస్తుంది, నడిపేవాడు తనవాడు కాడని. ముందు సీటులోంచి ఒక యువకుడు తుపాకి గురిపెట్టి చిరునవ్వు నవ్వుతాడు. తరువాతి కాలంలో జేమ్స్ బాండ్‌గా పేరు పొందిన పియర్స్ బ్రాస్నన్‌కు అదే మొదటి సినిమా వేషం. అక్కడినుంచి చాలాసేపు తెర మీద హాస్కిన్స్ ముఖం ఒక్కటే ఉంటుంది. ఒక్క మాట లేదు. కోపం, ఆశ్చర్యం, ఉపాయం కోసం వెదకులాట, ఓటమి, చివరకు తన మీద తనకే కలిగిన ఒక విధమైన నవ్వు, వరుసగా ఆ ముఖంలో కదలిపోతాయి. అంతవరకు ఆ గొంతు వినివిని ఉన్నాం గనుకనే ఆ మౌనం మనకు అర్థమవుతుంది. అరువు గొంతు విన్నవానికి ఆ మౌనం ఇలా వినబడదు.

మనకు డబ్బింగు కొత్త కాదు. పరభాషా చిత్రాన్ని తెలుగులో వినిపించడం గొప్ప నేర్పు. ఆ కళాకారులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒకే భాషలో, వినేవారికి అర్థం కాదనే నెపంతో, ఒక ప్రాంతం పలుకును మరొక ప్రాంతం పలుకుతో కప్పివేయడం వేరు. మన తెర మీద కూడా తెలంగాణ యాస చాలాకాలం ప్రతినాయకుని నోటికో, హాస్యగాని నోటికో పరిమితమయింది. మైకు ముందు కూర్చునే మా వృత్తిలోనూ ఈ తప్పు లేకపోలేదు. పల్లె నుంచి వచ్చిన రైతు మాటను ‘శ్రోతలకు తెలియదేమో’ అని దిద్దబోయిన సందర్భాలు నాకే ఉన్నాయి. ఆ శ్రోతలలో ఎందరు ఆ రైతు ఊరివారో అప్పుడు నేను ఆలోచించలేదు.

ప్రేక్షకుల పేరు చెప్పి ప్రేక్షకులను అడగకుండా తీసుకునే నిర్ణయాలు ఇటువంటివే. 1981లో థియేటరు తలుపులు తెరిచేవరకు, ఆ చిత్రాన్ని జనం భరించలేరని నమ్మినవారే ఎక్కువ. తలుపులు తెరిచాక జనం వచ్చారు, విన్నారు, అర్థం చేసుకున్నారు.